నరసాపురం పట్టీ, బెంటన్‌విల్ పట్టీ: దూరాన ఉన్న రెండు చిన్న ఊళ్ల వేళలను, తీరును పోల్చుకునే పద్ధతి

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో బెంటన్‌విల్ అనే చిన్న ఊళ్లో కాపురం ఉంటున్నారు. మేము పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో ఉంటాము. వాళ్లు వెళ్లిన కొత్తలో, అక్కడ గంట ఎంతయిందో లెక్కకట్టి ఫోన్ చేస్తే చాలునని అనుకున్నాను. లెక్క తప్పకుండా చేసినా సగం సార్లు వాళ్లు కారులోనో, పిల్లకు స్నానం చేయిస్తూనో, వీధిలో సైకిలు నేర్పుతూనో దొరికేవారు. గడియారం గంట చెబుతుంది. ఆ గంటకు ఆ ఊరు ఏ పనిలో మునిగి ఉంటుందో తెలియాలంటే ఊరి తీరు తెలియాలి. ఈ రెండింటినీ ఒకేచోటికి, అంటే ఒకదాని కింద ఒకటి జరిపి చూసుకునే రెండు అట్ట పట్టీల మీదికి, తెచ్చుకోవడానికి నేను కొన్నేళ్లుగా వాడుతున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. ఉదాహరణకు మా రెండు ఊళ్లనే తీసుకున్నాను. మీ ఊళ్లు వేరైతే అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

ముందుగా కాలమాన భేదాన్ని తేల్చుకోవాలి. భారత కాలమానం గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. బెంటన్‌విల్ మధ్య అమెరికా కాలమానంలో ఉంది కనుక అక్కడి గడియారం శీతాకాలంలో గ్రీనిచ్ కంటే ఆరు గంటలు, వేసవిలో ఐదు గంటలు వెనక ఉంటుంది. అంటే మనకూ వాళ్లకూ తేడా శీతాకాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు. ఫోన్‌లోని ప్రపంచ గడియారంలో చిన్న ఊళ్ల పేర్లు తరచుగా దొరకవు; అలాంటప్పుడు బెంటన్‌విల్‌కు బదులు షికాగోను పెట్టుకోవచ్చు, రెండింటి కాలమానం ఒకటే. ఎవరైనా వేళను సంక్షిప్తాక్షరాలతో రాసి పంపితే మాత్రం జాగ్రత్తగా చదవాలి. సి.ఎస్.టి. అంటే అమెరికాలో మధ్య అమెరికా కాలమానం, చైనాలో చైనా కాలమానం; మన కాలమానానికి రాసే ఐ.ఎస్.టి.నే ఇజ్రాయెల్ వాళ్లూ తమ కాలమానానికి రాసుకుంటారు. పైగా అక్కడివాళ్లు వేసవిలో సి.డి.టి. (గంట ముందుకు జరిపిన వేసవి కాలమానం) అని రాయవలసిన చోట కూడా అలవాటుగా సి.ఎస్.టి. అనే రాస్తుంటారు. కనుక అక్షరాలను పట్టించుకోకుండా, "మీ గోడ గడియారంలో ఎన్నింటికి?" అని అడగడమే మేలు.

అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు గంట వెనక్కి జరుపుతారు. 2026లో ఆ తేదీలు మార్చి 8, నవంబరు 1. ఆ క్షణానికి నరసాపురంలో మార్చిలోనైతే ఆదివారం మధ్యాహ్నం ఒకటిన్నర, నవంబరులోనైతే పన్నెండున్నర అవుతుంది. ఈ మార్పు మన క్యాలెండర్లలో అచ్చు కాదు కనుక మనమే రాసుకోవాలి. మేము రాసుకోని సంవత్సరం ఏమైందో చెబుతాను. రోజూ పొద్దున ఆరింటికి మాట్లాడుకునే అలవాటు ఉండేది. అక్కడ అప్పుడు రాత్రి ఏడున్నర, భోజనాలు అయిపోయి ఉండేవి. నవంబరు మొదటి సోమవారం కూడా ఎప్పటిలాగే ఆరింటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. గంటసేపు మా ఆవిడ ఫోన్ చేతిలో నుంచి దించలేదు. అక్కడ ఇంకా ఆరున్నరే. ఆదివారం సాయంత్రం వాళ్లు ఫోన్లు కారులో వదిలేసి కొట్లో సామాన్లు కొంటున్నారు.

ఆ మర్నాడే నేను పట్టీలు తయారు చేశాను. పాత క్యాలెండర్ అట్ట నుంచి రెండు సన్నని పట్టీలు కత్తిరించాలి. మన ఊరి పట్టీ మీద అర సెంటీమీటరుకు ఒక గడి చొప్పున 48 గడులు గీయాలి. ఒక్కో గడి అరగంట. మన కాలమానంలో ఆ అరగంట ముక్క ఉన్నంతకాలం గంటకొక గడి గీసిన పట్టీ పనికిరాదు. అవతలి ఊరి పట్టీ మాత్రం రెండు రోజుల నిడివి, అంటే 96 గడులు, ఉండాలి. నేను మొదట ఒక్క రోజుదే గీసి, దాన్ని జరిపినప్పుడల్లా సగం ఖాళీగా మిగలడంతో మళ్లీ అట్ట కోసం వెతుక్కున్నాను. మన పట్టీని పైన అంటించేసి, అవతలి పట్టీని దాని కింద జరిగేలా వదులుగా ఉంచాలి. శీతాకాలంలో నరసాపురం అర్ధరాత్రి కింద బెంటన్‌విల్ ముందురోజు మధ్యాహ్నం పన్నెండున్నర రావాలి. వేసవిలో ఒకటిన్నర రావాలి. మార్చిలో కింది పట్టీని రెండు గడులు ఎడమకు, నవంబరులో రెండు గడులు కుడికి జరిపితే సరిపోతుంది.

పట్టీ చేతిలో లేనప్పుడు నోటి లెక్క ఉంది. మన వేళలో పొద్దుటిని సాయంత్రంగా, సాయంత్రాన్ని పొద్దుటిగా మార్చి, శీతాకాలమైతే అరగంట, వేసవి అయితే గంటన్నర కలపాలి. ఇక్కడ రాత్రి ఎనిమిది అయితే అక్కడ శీతాకాలంలో పొద్దున ఎనిమిదిన్నర, వేసవిలో తొమ్మిదిన్నర. వాళ్లు మన వేళ తెలుసుకోవాలంటే కలపడానికి బదులు తీసేయాలి. తేదీ విషయంలో ఒక్కటి గుర్తుంటే చాలు: మనకు పొద్దున శీతాకాలంలో పదకొండున్నర, వేసవిలో పదిన్నర దాటేవరకు వాళ్లు ఇంకా నిన్నటి తేదీలోనే ఉంటారు. పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక పూట ముందే చెప్పేసి నవ్వులపాలు కాకుండా ఇది కాపాడుతుంది.

ఇక రెండో పని, పట్టీల మీద సూర్యుడిని గుర్తించడం. మన కాలమానానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఆంధ్ర తీరంలో కాకినాడ దగ్గరగా పోతుంది. నరసాపురం దానికి కొంచెం పడమరగా, 81.7 డిగ్రీల దగ్గర ఉంది. ఒక డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, మన గడియారానికీ నడినెత్తిన సూర్యుడికీ సగటున మూడు నిమిషాలే తేడా. 1906 జనవరి 1న ఈ కాలమానం రాక ముందు మన రైళ్లు మద్రాసు కాలంతో నడిచేవి. అదీ దీనికి తొమ్మిది నిమిషాలే వెనక. గోదావరి తీరం వాళ్లకు గడియారమూ సూర్యుడూ ఎప్పుడూ ఒకే మాట చెప్పాయి కనుక, వేరే ఊళ్లలో ఆ రెండూ వేరువేరు మాటలు చెబుతాయన్న అనుమానం మనకు రాదు. బెంటన్‌విల్ 94.2 డిగ్రీల పడమర రేఖాంశంలో ఉంది, అక్కడి కాలమానానికి ఆధారం 90 డిగ్రీలు. కాబట్టి అక్కడ సూర్యుడు గడియారానికి సుమారు పదిహేడు నిమిషాలు వెనకబడి నడుస్తాడు. వేసవిలో గంట ముందుకు జరిపిన గడియారం దానికి తోడైతే, మిట్టమధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాల ప్రాంతంలో అవుతుంది.

ఆ ఊరు 36 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉండడం వల్ల పగటి నిడివిలోనూ పెద్ద మార్పు ఉంటుంది. జూన్ చివర నరసాపురంలో సుమారు ఐదున్నరకు తెల్లవారి ఆరు నలభైకి పొద్దుగుంకితే, బెంటన్‌విల్‌లో ఆరింటికి తెల్లవారి ఎనిమిదిన్నర దాటాక గాని పొద్దుగుంకదు. డిసెంబరు చివర ఇక్కడ ఆరున్నరకు ముందే వెలుతురు వస్తుంది; అక్కడ ఏడూ ఇరవై దాటాలి, మళ్లీ సాయంత్రం ఐదూ పదికల్లా చీకటి. ఈ అంకెలను పట్టీల మీద పెన్సిలుతో నలుపు చేసి చూసుకుంటే, నాకు మొదట్లో అర్థంకాని సంగతి కళ్లకు కట్టింది. జూన్‌లో రాత్రి ఎనిమిదంటే అక్కడ ఆటల వేళ. పిల్లలు బయట ఉంటారు, పెద్దలు గడ్డి కోస్తూనో, నడుస్తూనో ఉంటారు. "రాత్రి ఎనిమిది కదా, ఇంట్లోనే ఉంటారు" అని మనం అనుకునేది మన చీకటిని వాళ్ల గడియారానికి తగిలించడం వల్లే.

మూడో పని అన్నిటికంటే ఎక్కువ ఓపిక కోరుతుంది. ఒక వారం పాటు రెండు ఊళ్లలోనూ మనుషులు ఏ గడిలో ఏం చేస్తున్నారో గమనించి రాయాలి. మన ఊరు మనకు తెలుసు కదా అని వదిలేయకూడదు. రాయడం మొదలుపెట్టాకే నాకు మా ఊరు కనబడింది.

నరసాపురంలో తెల్లవారకముందే చెరువుగట్ల మీద టార్చిలైట్లు కదులుతాయి. రొయ్యల రైతులకు రాత్రి చివరి గంటలే భయం, నీళ్లలో ప్రాణవాయువు అప్పుడే తగ్గుతుంది. నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని చూసుకుని, తెల్లవారాక టీ కొట్టు దగ్గర చేరతారు. వశిష్ఠ గోదావరి రేవులో అవతలి ఒడ్డున ఉన్న సఖినేటిపల్లి వైపు పంటు (రేవు దాటించే పడవ) కదలడంతో ఊరు పూర్తిగా లేచినట్టు. ఎనిమిది నుంచి పదకొండు వరకు బ్యాంకులు, బడులు, కూరగాయల మార్కెట్టు. మధ్యాహ్న భోజనం తరువాత మూడింటి వరకు వీధులు నిద్రపోతాయి, కానీ అరుగులు నిద్రపోవు. మా ఎదురింటి అరుగు మీద ఇద్దరు తోడికోడళ్లు ఆ వేళ లేసు అల్లుతూ ఉంటారు. దారపు ఉండ దుమ్ములో దొర్లిపోకుండా దాన్ని స్టీలు గిన్నెలో వేసుకుని, సూది వైపు చూడకుండానే మాట్లాడుకుంటూ అల్లుతారు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చిన ఈ క్రోషే అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సాయంత్రం బజారు, హైదరాబాదు వెళ్లే రాత్రి రైలు హడావుడి, తొమ్మిదిన్నరకల్లా తలుపులు మూత. రైలు మార్గం మా ఊళ్లోనే ఆగిపోతుంది, ఆపైన నది, సముద్రం. అందుకేనేమో ఇక్కడ ఎవరికీ మరో ఊరికి దారి మధ్యలో ఉన్నామన్న తొందర ఉండదు.

బెంటన్‌విల్ సంగతి వేరు. నరసాపురం జనాభా 2001లోనూ 2011లోనూ 58 వేల పైచిలుకే, దాదాపు కదలలేదు. బెంటన్‌విల్‌లో 2000లో ఇరవై వేలకు కొంచెం తక్కువ ఉన్న జనం 2020 నాటికి 54 వేలు దాటారు. ఒకప్పుడు ఆపిల్ తోటలకు పేరుపడిన ఆ ప్రాంతంలో, ఊరి నడిబొడ్డున కోర్టు పక్కనున్న స్క్వేర్‌లో వాల్‌మార్ట్ అనే పెద్ద దుకాణాల సంస్థను స్థాపించిన శామ్ వాల్టన్ 1950లో చిన్న కొట్టు తెరిచాడు. మొదటి వాల్‌మార్ట్ 1962లో పక్క ఊరు రోజర్స్‌లో వచ్చింది గాని, ప్రధాన కార్యాలయం స్థిరపడింది బెంటన్‌విల్‌లోనే. ఆ కంపెనీకి సరుకు అమ్మేవాళ్లు, కంప్యూటర్ పని చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరారు. మన తెలుగు కుటుంబాలు అక్కడ అంతమంది కనబడడానికి కారణమదే. ఒక్క కంపెనీ చుట్టూ అల్లుకున్న ఊరి రోజు ఆ కంపెనీ రోజునే అనుసరిస్తుంది. పొద్దున ఎనిమిదికల్లా కార్లన్నీ ఒకే వైపు, సాయంత్రం ఐదుకు తిరుగుముఖం. ఆరింటికి రాత్రి భోజనం, తొమ్మిదింటికి పిల్లల నిద్ర. శనివారం పొద్దున, చలికాలం తప్ప, స్క్వేర్‌లో రైతుల సంత ఉంటుంది. 2011లో తెరిచిన క్రిస్టల్ బ్రిడ్జెస్ చిత్రకళా ప్రదర్శనశాలకు ప్రవేశ రుసుము లేదు, మంగళవారం సెలవు. మేము వెళ్లినప్పుడు సరిగ్గా మంగళవారమే బయలుదేరి మూసిన తలుపులు చూసి వచ్చాము. అందుకే ప్రతి ఊరికీ "ఏ రోజు ఏది మూత" అన్న గడి కూడా ఉండాలంటాను.

ఊరి తీరు పోల్చడానికి రెండు చోట్లా ఒకే ప్రశ్నలు అడగాలి. "బాగుంటుందా?" వంటి ప్రశ్నలకు మర్యాదపూర్వకమైన జవాబులే వస్తాయి. ఇంటి నుంచి నడిచి ఏయే పనులు చేసుకోగలరు, చెప్పకుండా తలుపు తట్టేది ఎవరు, సంవత్సరంలో ఏ రోజుల్లో ఎవరికీ తీరిక ఉండదు అని అడిగితే ఊరు బయటపడుతుంది. నడక ప్రశ్నకు జవాబు తేలిక: మాకు నడిచినంత మేర అన్నీ ఉన్నాయి, వాళ్లకు సరదా నడకకు, సైకిళ్లకు చక్కటి బాటలు ఉన్నాయి గాని పాలప్యాకెట్టుకు కారు తీయాలి. తలుపు ప్రశ్న నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మా ఇంట్లో పొద్దున ఏడున్నరకు ఫోన్ మాట్లాడుతుంటే పక్కింటి పిన్ని నేరుగా లోపలికి వచ్చి ఫోన్‌లోకి తొంగిచూసి, "ఏమ్మా, చిక్కిపోయావు" అంటుంది. అక్కడ సందేశం పంపకుండా ఎవరూ ఎవరింటికీ వెళ్లరు. అందుచేత ముందు చెప్పకుండా వచ్చే ఫోన్ మాకు పలకరింపు, వాళ్లకు ఏదో జరిగిందన్న కంగారు. ఇది తెలిశాక మేము ఎప్పుడు చేసినా ముందు "ఖాళీయేనా?" అని ఒక ముక్క రాసి పంపుతున్నాము.

తీరిక లేని రోజులను పట్టీ మీద కాకుండా ఏడాది క్యాలెండర్ మీద గుర్తించాలి. వాల్‌మార్ట్ ఆర్థిక సంవత్సరం జనవరి 31తో ముగుస్తుంది. నవంబరు నాలుగో గురువారపు థాంక్స్‌గివింగ్ పండుగ నుంచి క్రిస్మస్ వరకు అమ్మకాల హోరు, జూన్ మొదట్లో వాటాదారుల సమావేశం. మా అల్లుడితో ఏదైనా పెద్ద విషయం మాట్లాడాలంటే ఆ వారాలను వదిలేస్తాము. మాకు భోగి నుంచి కనుమ దాటేవరకు ఇల్లు చుట్టాలతో, ఊరు పందేలతో నిండిపోతుంది. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థానికి వెళ్లే జనం మా రేవు మీదుగానే దాటుతారు. ఆ రెండు సందర్భాల్లోనూ ఫోన్ మోగినా వినబడదు.

ఆపద వచ్చే తీరును కూడా పక్కపక్కన రాసుకోండి. మా వైపు తుపాను మూడు నాలుగు రోజుల ముందే కబురు పెట్టి వస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు అక్కడ పట్టపగలు, అమ్మాయి ఆఫీసులో ఉంది. అక్కడి టోర్నడోకు దొరికే వ్యవధి నిమిషాలే. 2024 మే 26 ఆదివారం అర్ధరాత్రి దాటాక వాళ్ల ఊరున్న బెంటన్ కౌంటీలో టోర్నడో విరుచుకుపడినప్పుడు ఇక్కడ మేము మధ్యాహ్న భోజనాలకు కూర్చుంటున్నాము. రెండు సార్లూ ఒక ఊరి చీకటి, మరో ఊరి వెలుతురు. కరెంటు పోయి ఫోన్ అందకపోతే ఎవరికి కబురు చేయాలో, ఎన్ని గంటలు చూశాక కంగారు పడాలో ముందే అనుకుని పట్టీ వెనక రాసి పెట్టాము.

మన కుటుంబాలకు మాత్రమే అవసరమయ్యే లెక్క ఒకటుంది, పంచాంగం. తిథి ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. ఇక్కడ శీతాకాలంలో ఒక తిథి గురువారం పొద్దున ఏడింటి వరకు ఉందనుకోండి. సూర్యోదయానికి ఉంది కనుక మనకు గురువారం ఆ తిథి. అదే క్షణం బెంటన్‌విల్‌లో బుధవారం రాత్రి ఏడున్నర. అక్కడ గురువారం సూర్యోదయానికి ఆ తిథి గడిచిపోయి ఉంటుంది, కాబట్టి వ్రతమో నోమో సూర్యోదయ తిథిని బట్టి చేసేవాళ్లు అక్కడ బుధవారమే చేసుకోవాలి. రాహుకాలం దీనికి భిన్నం. అది స్థానిక పగటిని ఎనిమిది భాగాలు చేస్తే వచ్చేది. గురువారం ఒకటిన్నర నుంచి మూడు అని మన గోడ క్యాలెండర్ చెప్పేది ఆరింటి నుంచి ఆరింటి వరకు ఉండే పగటికి. జూన్‌లో బెంటన్‌విల్ పగలు పద్నాలుగున్నర గంటలు దాటుతుంది కనుక ఒక్కో భాగం గంటా యాభై నిమిషాలకు వస్తుంది, గురువారపు ఆరో భాగం మూడు దాటాక మొదలై దాదాపు ఐదింటికి ముగుస్తుంది. మన క్యాలెండర్‌ను ఫోటో తీసి పంపితే తిథికి లెక్క కట్టుకోవచ్చు గాని, రాహుకాలానికి అది బొత్తిగా పనికిరాదు.

ఇవన్నీ నింపాక పట్టీలను కలిపి చూస్తే, రెండు చోట్లా తెల్లగా మిగిలే గడులు చాలా తక్కువని తెలుస్తుంది. మాకు మిగిలినవి రెండు చోట్ల. అక్కడి రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర వరకు ఒకటి: అది ఇక్కడ శీతాకాలంలో పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది, వేసవిలో ఐదున్నర నుంచి ఎనిమిది. వేసవి పొద్దు వల్ల అందులో మొదటి గంటన్నర ఆటలకు పోతుంది. అక్కడి పొద్దున ఆరున్నర నుంచి ముప్పావుగంట మరొకటి, ఇక్కడ సాయంత్రం. అది టిఫిన్ డబ్బాలు సర్దే హడావుడి, రెండు మాటలకు సరిపోతుంది. డబ్బు, వైద్యం, పెళ్లి సంబంధాల వంటి విషయాలకు వాళ్ల శనివారం రాత్రి, అంటే మన ఆదివారం పొద్దున, తప్ప మరొకటి పెట్టుకోవద్దని నా సలహా.

పట్టీ సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవడానికి ఏడాదికి రెండు రోజులు దొరుకుతాయి. ఈ రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య దూరం దాదాపు 176 డిగ్రీలు, అంటే భూగోళానికి ఇంచుమించు సగం చుట్టు. రాత్రింబవళ్లు సమానమయ్యే మార్చి, సెప్టెంబరు రోజుల్లో ఇక్కడి సూర్యోదయానికీ అక్కడి సూర్యాస్తమయానికీ మధ్య పది నిమిషాల తేడా కూడా ఉండదు. మార్చి 21 పొద్దున ఆరింటికి నేను రేవుకు వెళ్లి వీడియో కాల్ చేస్తాను; అక్కడ అది 20వ తేదీ రాత్రి ఏడున్నర. మనవరాలు పెరట్లో నిలబడి కంచె వెనక దిగిపోయిన సూర్యుడి చోటు చూపిస్తుంది. నేను ఫోన్‌ను నది వైపు తిప్పి పట్టుకుంటాను, సఖినేటిపల్లి కొబ్బరిచెట్ల మీద ఎరుపు రావడం మొదలయ్యేవరకు.